నడిచిపోయేంత దగ్గర

ఆప్షన్ ఎంట్రీకి ఆఖరి రోజు
ఇర్ఫాన్ సైబర్ సెంటర్లో కరెంటు రెండుసార్లు పోయింది.
అది మళ్ళీ వచ్చేలోపు
నా జాబితా తలకిందులైంది.

అంతకు ముందు రాత్రి
చెన్నరాయుడు మామ మంచం మీద కాలేజీలన్నీ పరిచాడు,
అంగట్లో చీరలు విప్పి పరిచినట్టు.
కనకపుర రోడ్డుది ఒకటి, కంప్యూటర్ సైన్సు.
తుమకూరు దిక్కుది ఒకటి, పేరు పెద్దది,
హాస్టల్లో పప్పు మాత్రం నీళ్ళట.
యలహంక అవతలిది, బస్సు ఫీజే ముప్పై ఎనిమిది వేలు.

"బెంగళూర్లో దూరమంటే కిలోమీటర్లు కాదు పాపా, సిగ్నళ్ళు.
టిన్ ఫ్యాక్టరీ దగ్గర
నా బతుకులో సగం ఇంకా నిలబడే ఉంది"
అన్నాడు పన్నెండేళ్ళుగా ఆటో తోలే మామ.

నోటుబుక్కు వెనక అట్ట మీద నేను లెక్క కట్టాను.
పోనూ రానూ నాలుగ్గంటలు,
ఏడాదికి రెండొందల ఇరవై రోజులు, నాలుగేళ్ళు.
పగలూ రాత్రీ కలిపి
నూట నలభయ్యారు రోజులు బస్సులో.
అందులో కూచునేది ఎన్నాళ్ళో ఏ లెక్కకీ అందలేదు.

జాబితా అడుగున
ఎవరూ వేలు పెట్టని చోట ఉంది మా కాలేజీ.
ఇంకా మాది కాదు. అయినా అట్లాగే అనేవాళ్ళం,
మిద్దె మీద ఆరేసిన బట్టల సందులోంచి కనబడుతుంది గనక,
దాని గంట విని అమ్మ పాలు పొయ్యి మీద పెడుతుంది గనక.
ఇంటి నుంచి పదకొండు నిమిషాలు.
చెరువుకట్ట తెగ్గొట్టి వేసిన రోడ్డెక్కితే తొమ్మిదే.
వాన పడితే చెప్పలేం.
నా ర్యాంకుకి అక్కడ దొరికేది సివిల్ ఒక్కటే.

"సివిలా? ఆడపిల్లకి ఎండలో ఏం పని?"
అమ్మ సంగటి కెలుకుతున్న తెడ్డు ఆగింది.
తిరిగి చూడలేదు.
తొమ్మిదేళ్ళు ఆమె ఎండలోనే ఉంది.

కదిరి నుంచి వచ్చిన కొత్తలో
ఆ కాలేజీ పునాది గుంత పక్కనే
మా నీలంపట్టా గుడిసె.
నన్ను ఇసుక కుప్ప మీద వదిలి అమ్మ తట్ట ఎత్తుకునేది.
నాకు గుర్తున్నది సిమెంటు వాసన,
స్లాబు మీద తడిపి పరిచిన గోనెలు,
ఒక కుక్క. దాని పేరు గుర్తులేదు.
అమ్మకి ప్రతి మెట్టూ గుర్తే.

"యాడికన్నా పో, నేనొద్దనను.
దగ్గిరుండాదని మాత్రం రాయొద్దు.
నాకోసరం అసలే రాయొద్దు.
రాసేదే అయితే ఒగ మాట ఇను.
మూడో అంతస్తులో కూసోవాకు.
ఆ స్లాబేసిన దినం ఇంజినీరు రాల్యా.
మూటకి ఆరు తట్టలెయ్యాల్సిన ఇసక
మేస్త్రి పది ఏపించినాడు.
మోసినదాన్ని నేనే. నాకు తెల్దా లెక్క?"

మామ నవ్వాడు.
నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
ఆరు. పది.
ఇన్నేళ్ళుగా ఒక్క మనిషి తలలో మోస్తున్న అంకెలు.
వాటిని రాయడానికి
ఏ ఫారంలోనూ గడి లేదు.

"ఫస్ట్ ఆప్షన్ ఏది మరి?" ఇర్ఫాన్ అడిగాడు.
చెప్పాను. కుర్చీ తిప్పి నావైపు చూశాడు.
దగ్గర అన్నా, అన్నాను.
తర్వాత అడిగినవాళ్ళందరికీ అదే చెప్పాను.
బస్సు ఖర్చు లేదు, మధ్యాహ్నం ఇంటికొచ్చి తినొచ్చు,
సాయంత్రం పక్కవీధి పిల్లలకి ట్యూషన్ చెప్పొచ్చు.
ఒక్కటీ అబద్ధం కాదు.

మొదటి రోజు టైంటేబుల్లో
గది నంబరు మూడొందల నాలుగు.
ఫ్యాను కొక్కెం దగ్గర్నుంచి కిటికీ దాకా
పైకప్పు మీద వెంట్రుకంత గీత.
ఎవరో సున్నంతో చెరిపారు, వాన మళ్ళీ గీసింది.
దాని కింద బెంచీలో చోటుంది. కూచున్నాను.
గీత గోడ మీదికి దిగి ఆగిన చోట
పెన్సిలుతో అడ్డంగా చిన్న గుర్తు పెట్టి
పక్కన తారీకు వేశాను.

పదకొండు నిమిషాల్లో ఇల్లు.
"యాడ కూసోబెట్టినారు?"
పాలు దించుతూ అడిగింది అమ్మ.

"కిందనే మా,
మెట్లెక్కే పనే లేదు."